పెనుకొండకు నీరు తెచ్చిన కాలువ



గాండ్లపెంట ప్రాంతపు పాఠకురాండ్రు కొందరు మమ్ము నొక కోరిక కోరిరి. కదిరి తిరునాళ్లకు ఏటేట పోవుచునే యున్నారట. తిమ్మమ్మ మఱ్ఱిమానును పలుమార్లు చూచినారట. పిల్లలతో ఒక్క దినమున పోయి రాదగినదియు, కనులకు విందును మనస్సునకు తెలివిని గూడ నిచ్చునదియు నగు వేఱొక చోటు చెప్పవలయునని వారి మాట. ఈ నెల మేము వారికి పెనుకొండ పేరు చెప్పుచున్నాము. అయితే పెనుకొండ కోటను, మహలును వర్ణించుటకు ముందు సముద్రముల కావల నున్న మఱియొక యూరి ముచ్చట కొంచెము చెప్పవలసి యున్నది. ఆ యూరి కథ తెలిసినయెడల పెనుకొండలో నేమి చూడవలయునో మనకు తెలిసివచ్చును.

జపాను దేశమున ఒకయామా మండలమందు కురాషికి యను పట్టణము గలదు. ఆ దేశపు భాషలో 'కురా' యనగా సరకులు దాచు కొట్టు. పేరునకు తగినట్లే అచ్చట నొక సన్నని కాలువ యుండగా, దాని కిరుగట్టుల తెల్లని సున్నపు గోడలును నల్లని పెంకులును గల పాతకాలపు కొట్లు బారులు తీరి నిలిచియున్నవి. గట్టుమీది చెట్లు తమ సన్నని కొమ్మలను నీటిమీదికి వ్రేలాడవైచును. పూర్వము ఆ ప్రాంతమున సముద్రజలము నిలిచియుండెడిది. జనులు గట్లు కట్టి, మన్ను పోసి, నీటిని తొలగించి నేలను సంపాదించిరి. ఉప్పు తగిలిన నేలను సయిత మోర్చుకొను పైరు గనుక ప్రత్తిని విత్తిరి. 1642లో ఆ యూరు షోగనుల ప్రభుత్వపు స్వంత పాలనలోనికి వచ్చెను. ధాన్యమును, ప్రత్తియు పడవల కెక్కి ఆ కాలువ మీదనే సముద్రమునకు పోయెడివి. ఊరి సిరియంతయు ఆ నీటి బాట వెంటనే వచ్చినది.

1888లో అచ్చట నూలు వడకు కంపెనీ వెలసినది. ఆ మిల్లు యజమానుల కుటుంబమున జన్మించిన ఒహారా మగొసబురో యను నాయన కొజిమా తొరాజిరో యను చిత్రకారుని ఐరోపాకు పంపి మేలైన చిత్రములను కొనిపించెను. 1929లో ఆ చిత్రకారుడు చనిపోగా, అతని జ్ఞాపకార్థము మఱుసటి యేట, అనగా 1930లో, కాలువ గట్టున నొక చిత్రశాలను కట్టించెను. పాశ్చాత్య చిత్రముల కొఱకు జపానులో వెలసిన మొదటి చిత్రశాల యదియే. గ్రీకుల దేవాలయమువలె స్తంభములతో నుండు ఆ మందిరమును చూచుటకు నేటికిని దేశదేశముల నుండి జనులు వత్తురు.

రైళ్లును మోటారులును వచ్చిన పిమ్మట ఆ కాలువకు సరకులు మోయు పని లేకపోయెను. అట్టి కాలువను పూడ్చి బాట వేయుట సులభము. పాత కొట్లను పడగొట్టి క్రొత్త మేడలు లేపుటయు సులభమే. ఆ యూరివా రట్లు చేయలేదు. 1948లో ఒక పాత ధాన్యపు కొట్టునే జానపద కళల ప్రదర్శనశాలగా మార్చిరి. 1968లో పాత వీధుల అందమును కాపాడుటకు పురపాలకులే కట్టడి చేసిరి. 1979లో ఆ దేశ ప్రభుత్వము ఆ భాగమును రక్షింపదగిన ప్రదేశముగా నెంచినది. నూలు మిల్లు సయితము కూలిపోక వసతిగృహముగా మాఱినది. ఇంతకును వారు కాపాడుకొన్నది కొన్ని గోడలను మాత్రమే కాదు. ఆ గోడలు నిలుచుటకు కారణమైన నీటిని గూడ కాపాడుకొనిరి. కాలువ లేని కురాషికి వట్టి గోడల వరుసయే గదా!

ఇక మన సీమకు వత్తము. మన అనంతపుర సీమలో వాన సగటున ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లే కురియును. ఇట్టి మెట్టనేలలో రాజధాని వెలయుట యెట్లు? సైన్యమునకు, గుఱ్ఱములకు, ఏనుగులకు, శిల్పులకు, వర్తకులకు, వారి ఇండ్లలోని ఆడువారికి నీరెక్కడిది? పెనుకొండకు పోవునప్పుడు ఈ ప్రశ్నను మనస్సున నుంచుకొని పొండని మా మనవి.

గాండ్లపెంట నుండి కదిరికి వచ్చి, అచ్చటి నుండి నల్లమాడ, బుక్కపట్నము, కొత్తచెఱువుల మీదుగా పోవుట యొక తీరు. త్రోవలోని ఊళ్ల పేర్లను పిల్లలచేత చదివింపుడు. కొత్తచెఱువు, ఆ ప్రక్కదారిని పోయినచో ఓబుళదేవరచెఱువు. నీటిని బట్టియే ఊరికి పేరు వచ్చినది. మన జిల్లాలకు పూర్వము ముఖ్యపట్టణమైన అనంతపురమునకు సయితము అనంతసాగర మను చెఱువును బట్టియే ఆ పేరు వచ్చినదందురు. బుక్కరాయల మంత్రి ఆ చెఱువును కట్టించెనని చెప్పుకొందురు. బుక్కపట్నము నొద్ద చిత్రావతి నీటితో నిండు పెద్ద చెఱువు గట్టున కొంతసేపు ఆగుడు. అది నిండియున్న యేడు చూచువారి భాగ్యమే భాగ్యము.

పెనుకొండ యనగా పెద్దకొండ. సంస్కృతమున ఘనగిరి యనిరి. కోట ఉత్తరపు వాకిట నున్న 1354 నాటి శాసనమును బట్టి, మొదటి బుక్కరాయలు ఈ సీమను తన కుమారుడైన వీర విరూపణ్ణ యొడయరున కప్పగించినట్లు తెలియుచున్నది. విజయనగర రాజ్యమునకు పెనుకొండ ఆనాటి నుండియు రెండవ గుండెవంటిది. 1565 జనవరిలో రాక్షసి తంగడి యుద్ధమున రామరాయలు కూలగా, అతని తమ్ముడు తిరుమలరాయలు ఖజానాను ఏనుగులపై కెక్కించుకొని వచ్చి చేరినది ఈ కోటకే. హంపీ పాడుపడెను, పెనుకొండ రాజధాని యయ్యెను. తరువాత రాజధాని చంద్రగిరికి పోవువఱకు, ఇంచుమించు పాతిక సంవత్సరములకు పైగా తెలుగు కన్నడ దేశముల పాలన ఈ కొండ నీడనే జరిగినది.

ఈ కథ అందఱును చెప్పుదురు. అంతకు దాదాపు రెండువందల సంవత్సరముల మున్ను జరిగిన మఱియొక కథను మాత్రము ఎవరును పిల్లలకు చెప్పరు. గౌరిబిదనూరు ప్రాంతమున నొక శాసనము కలదు. అది 1388వ సంవత్సరపుది. అప్పుడు హరిహరరాయల కుమారుడైన ప్రతాప బుక్కరాయలు పెనుకొండలో నుండి పాలించుచుండెను. జలమే ప్రాణులకు ప్రాణ మనియు, జనులు సుఖముగా నుండవలెననియు తలచి, ఆ రాజకుమారుడు నిండుకొలువులో సింగాయభట్టు నకు ఒక ఆజ్ఞ నిచ్చెనట: హెన్నె యేటిని పెనుకొండకు తేవలయును! హెన్నె యనగా మన పెన్న. ఈ సింగాయభట్టు పది విద్యలలో నారితేరినవాడనియు, జలసూత్ర మెఱిగినవాడనియు శాసనము కొనియాడుచున్నది. అతడు కాలువ త్రవ్వించి ఏటి నీటిని సిరువేర చెఱువునకు చేర్చెను. ఆ కాలువకు తన పేరు పెట్టుకొనలేదు. ప్రతాప బుక్కరాయ మండల కాలువ యని రాజు పేరే పెట్టెను.

సోదరీమణులారా, ఒక్క నిమిష మాలోచింపుడు. నీరు పల్లమెఱుగు, నిజము దేవుడెఱుగు నని మన పెద్దల సామెత. ఆ పల్లమును కనిపెట్టుటయే సింగాయభట్టు విద్య. నీటిని ఎత్తు యంత్రము లేని కాలమున, గుట్టలు, రాళ్లు, వంకలు దాటించుచు, ఎచ్చటను నిలిచిపోకుండను, ఎచ్చటను గట్టు తెగకుండను ఏటి నీటిని ఊరి వైపు నడిపించుటకు ఎంత లెక్క, ఎంత ఓపిక కావలయును! గుడి స్తంభముమీది బొమ్మను మలచిన శిల్పి కెంత నేర్పున్నదో ఇతనికి నంత నేర్పున్నది. బొమ్మ కంటికి కనబడును. కాలువ వాలు కంటికి కనబడదు. కావుననే మనము బొమ్మను మెచ్చుకొని కాలువను మఱచితిమి.

ఈ విద్య ఒక్కని సొత్తు కాదు. మనకు సమీపమున కడప సీమలోని పోరుమామిళ్లలో 1369 నాటి శాసన మున్నది. బుక్కరాయల మఱియొక కుమారుడైన భాస్కరుడు అచ్చట పెద్ద చెఱువు కట్టించెను. వేయిమంది కూలీలు, నూఱు బండ్లు, రెండు సంవత్సరముల పని. మంచి చెఱువునకు కావలసిన పన్నెండు అంగములును, చెఱువునకు రాగూడని ఆఱు దోషములును ఆ శాసనమున చెక్కియున్నవి. ధర్మాత్ముడైన రాజు, జలశాస్త్ర మెఱిగిన విద్వాంసుడు, గట్టి నేల, తియ్యని నీటి యేఱు, దృఢమైన రాతికట్ట, నేర్పుగల పనివారు - ఇట్టివి అంగములు. కట్ట కాఱుట, ఉప్పునేల, రెండు రాజ్యముల పొలిమేరయందుండుట, నడుమ మెట్ట యుండుట, నీరు కొంచెమై పారుదల నేల యెక్కువగుట - ఇట్టివి దోషములు. ఇల్లాలు వంటలో ఉప్పు పులుపు లెక్క చూచుకొన్నట్లు ఆనాటివారు చెఱువు గుణదోషములను లెక్క చూచుకొనిరి.

ఇప్పుడు పెనుకొండ వీధులలోనికి పోదము. నీరు వచ్చిన తరువాతనే ఇవన్నియు వచ్చినవని తలచుచు చూచినచో ప్రతి రాయియు మాటాడును. గగనమహలు రెండంతస్తుల రాచకట్టడము. కమానులును గుమ్మటములును ఒక తీరుగా, గోపురమువంటి శిఖరము మఱియొక తీరుగా, హిందువుల పనియు తురకల పనియు అందు కలిసి యల్లుకొనియున్నవి. దగ్గఱనే రాముని గుడియు ఈశ్వరుని గుడియు ప్రక్కప్రక్క నున్నవి. రాముని గుడి గోడలపై రామాయణ కథ చిన్న చిన్న బొమ్మలుగా సాగిపోవును. ఇంట మనము చెప్పిన కథను పిల్లలు గోడమీద తామే వెదకి పోల్చుకొనునట్లు చేయుడు. పుస్తకమున చదివినదానికన్న ఆ వెదకుట వారికి చిరకాలము జ్ఞాపకముండును.

షేర్ ఖాను మసీదును, జైనుల పార్శ్వనాథ బసదిని, బాబా ఫక్రుద్దీను దర్గాను గూడ చూచి రండు. బాబయ్య స్వామి యని మన ఇండ్లలో మతభేదము లేక మ్రొక్కుకొనుట మీ రెఱుగనిది కాదు. దర్గాలో తలపై కొంగు కప్పుకొని, చెప్పులు వెలుపల విడిచి లోనికి పోవలెను. ఎఱ్ఱమంచి వాకిటి పెద్ద ఆంజనేయుని చూచి పిల్లలు సంతోషింతురు. పవళించిన కుంభకర్ణుని మహావిగ్రహము మన కాలపు పని. చరిత్ర వినివిని అలసిన పిల్లలకు అది మంచి విడిది. కొండమీద నరసింహస్వామి గుడియు, పాత కట్టడముల శిథిలములును గలవు. మోకాళ్ల నొప్పులు గలవారు క్రిందనే యుండుట మేలు. ఎక్కువారు తెల్లవాఱుజామునే బయలుదేరవలెను. కార్తికము మొదలు మాఘము వఱకు ఈ యాత్రకు తగిన కాలము. చిత్రాన్నము, పెరుగన్నము కట్టుకొని, త్రాగునీరు నిండుగా తీసికొని పొండు. తిన్న యాకులను, కాగితములను తిరిగి మీ సంచిలోనే వేసికొనుడు.

మేము పోయినప్పుడు గుడి దాపున కూర్చున్న యొక ముసలమ్మను పాత కాలువను గూర్చి యడిగితిమి. "ఈడ ఏముందమ్మా సూసేకి, రాళ్లు తప్ప? నీళ్లుంటే గదా ఊరు!" అని యామె యనెను. ఆ తల్లి శాసనము చదివియుండదు. అయినను శాసనపు మాటనే చెప్పినది.

ఇదియే మేము మీతో ముఖ్యముగా చెప్పదలచిన సంగతి. నేడు మన సీమలో నీరనగా బోరు. ఒక బోరు ఎండిన మఱియొకటి; అదియు ఎండిన ఇంకను లోతుగా వేఱొకటి. ఆ బోర్లలోనికి పోయినది ఎవరి సొత్తు? గాండ్లపెంటలో గాని, తలుపులలో గాని, నల్లమాడలో గాని ఇంటింట అడిగి చూడుడు. చేతి గాజులు, చెవి కమ్మలు, కడకు మెడలోని పుస్తెలును తాకట్టునకు పోయిన ఇండ్లు ఎన్నియో కలవు. నీరు పడినచో సరే. పడనిచో బంగారమును పోయె, అప్పును మిగిలె. మగవాడు బోరు బండి వెంట తిరుగుచుండగా ఇల్లాలు బిందె పట్టుకొని వరుసలో నిలుచుండును. నీటి కఱవు వచ్చినప్పుడు మొదట కోలుపోవునది స్త్రీయే గనుక నీటి ముచ్చట ఆడువారికేల యనువారి మాట మనము వినరాదు.

ప్రభుత్వములును చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. హంద్రీ నీవా కాలువ శ్రీశైల జలాశయపు కృష్ణనీటిని మల్యాల యొద్ద నుండి యంత్రములతో మెట్టుమెట్టుగా పైకెత్తి మన సీమకు తెచ్చుచున్నది. పెనుకొండ చేరువనున్న గొల్లపల్లి జలాశయమున ఆ నీరు నిలిచినది. 2019లో ఎఱ్ఱమంచి యొద్ద వెలసిన కియా మోటారుకార్ల కర్మాగారమునకు సయితము ఆ జలాశయమే ఆధారము. ఆరువందల యేండ్ల క్రిందట ఏటి నీరు వచ్చుటచే రాజధాని నిలిచినది. నేడు కృష్ణనీరు వచ్చుటచే కర్మాగారము నిలిచినది. కాలము మాఱినను లెక్క మాఱలేదు. అయితే దూరపు నీరు ఎంత వచ్చినను, వచ్చిన నీటిని నిలుపుకొనవలసినవి మన ఊరి చెఱువులే. వంక పూడియు, కట్టమీద తుమ్మ మొలిచియు, చెఱువులో చెత్త నిండియు నున్నచో గంగయే దిగివచ్చినను నిలుచుట కెక్కడ చోటు?

కురాషికి వారు పని తప్పిన కాలువను సయిత మాదరించిరి. మన చెఱువులకు పని తప్పలేదు, ఆదరణయే తప్పినది. నిండిన చెఱువు చుట్టుపట్ల బావులకు ఊట నిచ్చునని మన తాతలకు తెలియును. నేటి భూగర్భజల శాస్త్రజ్ఞులును అదియే చెప్పుచున్నారు. కావున పుస్తెలు తాకట్టు పెట్టి మఱియొక బోరు వేయింపబోవునప్పుడు, మన ఊరి చెఱువు పూడిక తీసి యెన్నాళ్లయ్యెను, దానికి నీరు తెచ్చు వంక దారి ఎచ్చట మూసుకొని పోయెను అని అడుగు హక్కు ఇల్లాలికి గలదు. ఆ ప్రశ్నను ఇంట అడుగుడు. పొదుపు సంఘమున అడుగుడు. గ్రామసభలో నిలిచి అడుగుడు. ఒక్కతె అడిగిన నవ్వుదురు. ఇరువదిమంది కలిసి అడిగిన వ్రాసికొందురు.

ఇవిగాక ఇంట కూర్చుండియే చేయదగిన చిన్న పనులు కొన్ని కలవు. మీ ఊరి చెఱువు పేరేమి, దానికి నీ రేయే వంకల నుండి వచ్చును, అలుగు పాఱిన నీరు ఏ ఊరి చెఱువునకు చేరును అను సంగతులను పెద్దల నడిగి, పిల్లలచేత ఒక కాగితముపై గీయింపుడు. ఆ పెద్దలు పోయిన పిమ్మట చెప్పువా రుండరు. పూజ చేసిన పూలను, పాత పటములను, ప్లాస్టిక్కు సంచులను చెఱువులో వేయకుడు. పూలు పెరటి మొక్కలకు ఎరువగును. పాత గుడులలోని బొమ్మలకు నూనె పూయుట, గోడలపై పేర్లు గీయుట పిల్లలకు తగదని ముందుగానే చెప్పి తీసికొని పొండు. ఐదువందల యేండ్లు ఎండను వానను ఓర్చిన రాయి మన గోటి గీతను ఓర్వలేదు.

సింగాయభట్టునకు విగ్రహము లేదు. ఏ వీధికిని అతని పేరు పెట్టినట్లు మేము వినలేదు. ఒక రాతిమీద పేరు మాత్రము మిగిలియున్నది. రామరాయల పేరును, తిరుమలరాయల పేరును పరీక్షల కొఱకు చదువుకొను మన పిల్లలు, ఏటిని ఊరికి తెచ్చిన ఈయన పేరునుగూడ ఇంట తల్లినోట విన్నచో ఎంత బాగుండును! ఈ రాత్రి అన్నములు పెట్టి నీళ్ల చెంబు ముందుంచునప్పుడు ఈ కథ చెప్పి చూడుడు. తరువాత వీలు చూచుకొని పెనుకొండకు పొండు.